రీకండిషన్ చేసిన పంటి క్లిప్పులు

ముందు నా చొక్కా వైపు చూసి నవ్వటం మానండి. చెప్తాను.

నరసరావుపేటలో లారీ క్లచ్ ప్లేట్లు రీకండిషన్ చేసే షెడ్డు నాది. అక్కడికొచ్చిన ఏ పార్టూ చచ్చిపోయిందని నేను ఒప్పుకోను.

అందుకే మా పెద్దమ్మాయి ధరణి పళ్లు వరసకొచ్చి, డాక్టర్ రేచల్ గారు పళ్లకు జిగురుతో అంటించిన స్టీలు బ్రాకెట్లు ఊడదీసిన రోజున, వాటిని డబ్బాలో పోయించుకుని తెచ్చాను. చిన్నది జాహ్నవికి అవే పెట్టించాలని నా ప్లాను.

జాహ్నవి అన్నం మానేసింది. "అక్క సైకిలు తొక్కా. అక్క బ్యాగు మోశా. అక్క నోట్లోయి కూడా నేనే పెట్టుకోవాలా నాన్నా?"

కొత్తవాటికన్నా మెరిపిస్తానన్నాను. దాని ఏడుపు ఇంకా పెరిగింది.

నా భార్య మస్తానమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. బ్రాకెట్లను శుద్ధి చేసి మళ్లీ వాడేవాళ్లున్నారని ఆమెకు ఫోనులో వీడియో చూపించాను. మిషను ఆపకుండానే, "వాళ్లకు పళ్ల సంగతి తెలుసు. నీకు క్లచ్చుల సంగతి తెలుసు" అన్నది. వాదన ముదిరింది. చివరికి ఎందుకో మెత్తబడి, డబ్బా తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పుడే అనుమానించాల్సింది. గెలిచాననుకున్నాను.

ఆదివారం షెడ్డులో గ్యాసు మంట మీద జిగురు కాల్చాను. అసలు జిగురే కనబడలేదు. ఎంత బాగా కాల్చానో అని మురిసిపోయాను. ఇంజను విప్పినప్పుడు చేసినట్టే, పేపరు పరిచి పై పళ్లవి పైన, కింది పళ్లవి కింద పేర్చాను. అంతలో కరెంటొచ్చి ఫ్యాను తిరిగింది. పేపరుతోపాటు రెండు దవడలూ లేచిపోయాయి.

ఏరుకొచ్చాక నా బుర్ర తిరిగింది. కొన్నిటికి కొక్కెం ఉంది, కొన్నిటికి కన్నం ఉంది. కొక్కెం పోయి కన్నంలో చక్కగా కూర్చుంటోంది. అంటే నోరు మూయగానే పై దవడ కింది దవడకు తగులుకోవాలా? మరి పిల్ల అన్నం తినేదెట్లా? తేల్చుకుందామని అద్దం ముందు ఒకటి నా నోట్లోనే పెట్టుకుని చూశాను. అది పెదవిని పట్టుకుంది. పక్క షెడ్డు మహబూబ్ కటింగ్ ప్లేయరుతో వచ్చి విడిపించాడు. ఏందన్నా ఇది అని మాత్రం అడగలేదు. మంచివాడు.

సోమవారం మస్తానమ్మనూ జాహ్నవినీ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. రేచల్ గారు డబ్బా తెరిచారు. ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశారు. తర్వాత వాచిన నా పెదవి చూశారు.

"ఇవి జాకెట్టు హుక్కులండీ."

మస్తానమ్మ ఫ్యాను వైపు చూస్తోంది. అసలువి పోయిన వారమే డాక్టరుగారికి తిరిగిచ్చేసిందట. ఒక్కో పన్నుకు ఒక్కో వాలు ఉంటుందనీ, నా మంటలో పెడితే తీగ పట్టే గాడి వంకరపోతుందనీ, జాహ్నవికి కొత్తవే వేయాలనీ ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారట.

జాహ్నవి అప్పుడు నవ్వింది. వంకర పళ్లన్నీ బయటపెట్టి మరీ నవ్వింది. నాకు కోపం తెచ్చుకోవటం కుదరలేదు.

ఇంటికొచ్చాక, బాగానే మెరిశాయి కదా, ఆ హుక్కులు జాకెట్లకైనా కుట్టమన్నాను.

"కాల్చినయ్యి ఊళ్లోవాళ్ల జాకెట్లకు కుట్టి తిట్లు తినమంటావా?" అంటూ మస్తానమ్మ నా చొక్కా లాక్కుని, గుండీలన్నీ కత్తిరించింది. "రీకండిషన్ చేసింది నువ్వేగా. నువ్వే తొడుక్కో."