నగరి కంటే పెద్దగా

ఆ శనివారం పొద్దున గిరిప్రసాద్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరింటికి మైదానానికి వెళ్ళి సున్నంతో గీతలు గీయాలి. ఆరు టార్గెట్లను వరసగా నిలబెట్టాలి. ఇంటికొచ్చి తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పదకొండింటికి వచ్చే పరిశీలకురాలికి ఒక గ్లాసు నిమ్మకాయ నీళ్ళిచ్చి మైదానం చూపించాలి. అంతే.

పుత్తూరులో అతనికి ఎరువుల అంగడి ఉంది. అంగడి కడుపు నింపుతుంది గానీ, ప్రాణమంతా పుత్తూరు విలువిద్య క్లబ్ మీదే. పదకొండేళ్ళుగా దానికి కార్యదర్శి అతనే, కోచ్ అతనే, వానొస్తే టార్గెట్ల మీద పట్టా కప్పేదీ అతనే. జాతీయ జూనియర్ ఆర్చరీ పోటీలు ఈసారి ఈ ప్రాంతంలోనే జరుగుతాయనీ, ఏ క్లబ్‌కు ఆతిథ్యం ఇవ్వాలో తేల్చడానికి శకుంతలమ్మ అనే సీనియర్ న్యాయనిర్ణేత వస్తున్నారనీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి సంతోషం అతని నిద్రలో సగం తినేసింది. మిగతా సగాన్ని నగరిలో ఉన్న బాలచంద్ర తినేశాడు.

బాలచంద్ర ఒకప్పుడు అతని ప్రాణ స్నేహితుడు. ఇద్దరూ ఒకే బైకు మీద పోటీలకు పోయేవాళ్ళు, ఒకరి బాణాలు ఒకరు వాడుకునేవాళ్ళు. ఆరేళ్ళ కిందట బాలచంద్ర మామగారి మరమగ్గాలు చూసుకోవడానికి నగరి పోయి, అక్కడ సొంతంగా ఇంకో క్లబ్ పెట్టాడు. ఆ రోజు నుంచి గిరిప్రసాద్‌కు నగరి వైపు నుంచి గాలి వీచినా గిట్టదు. నగరి క్లబ్ గురించి పేపర్లో నాలుగు లైన్లు పడితే ఆ పూట అన్నం సయించదు. దీన్ని అసూయ అంటే మాత్రం ఒప్పుకోడు. "న్యాయం అడగతా ఉండా, అంతే," అంటాడు. పోయిన వారం బాలచంద్ర ఏదో కార్డు పట్టుకుని అంగడికి వస్తే, గోడౌన్‌లో యూరియా మూటల వెనక అరగంట నక్కి, అతను వెళ్ళిపోయాకే బయటికి వచ్చాడు. అతను బల్ల మీద పెట్టిపోయిన ఆ కార్డును విప్పి కూడా చూడలేదు. గొప్పలు చదవడానికి తనకు తీరికెక్కడిది?

రెండో గీత సగంలో ఉండగా ఫోను మోగింది. మైదానం చూసుకునే చిన్నబ్బ, నగరిలో ఉన్న కూతురింటి నుంచి చేస్తున్నాడు. ఆ ఇల్లు బాలచంద్ర ఇంటికి ఎదురుగానే.

"సారూ, బాలచంద్ర సారు కాడ జోరుగా ఉండాదే! అరిటిమాన్లు కడతా ఉండారు, షామియానా ఏస్తా ఉండారు."

సున్నం డబ్బా చేతిలోనే ఆగిపోయింది. "ఎంత షామియానా?"

"ఈ కొస నుంచి ఆ కొసకి. ఎందుకంటే సారూ, ఈపొద్దు..."

"ఎందుకో నాకు తెలుసులే," అని గిరిప్రసాద్ ఫోను పెట్టేశాడు.

తెలియకేం? శకుంతలమ్మ చెన్నై నుంచి రైల్లో వస్తోంది. అటు నుంచి వచ్చేవాళ్ళకు ముందు నగరి, తర్వాతే పుత్తూరు. అక్కడ షామియానా కింద కూర్చుని లేచి వచ్చిన మనిషి, ఇక్కడ బోడి నేల మీద ఆరు టార్గెట్లను చూసి ఏమనుకుంటుంది? అతను ఇంటికి పరిగెత్తి షామియానా అంగడి నంబరు కోసం డైరీ తిరగేయడం మొదలుపెట్టాడు.

"పరిశీలనకు షామియానా ఎందుకండీ? ఆమె చూసేది మైదానాన్ని కదా?" అంది భార్య రూపశ్రీ.

"నగరిలో ఏసినారు."

"ఏస్తే?"

"ఏస్తే మనమూ ఏస్తాం. రెండు ఏస్తాం."

రూపశ్రీ ఆ నంబరున్న పేజీ తీసి అతని చేతికిచ్చింది. నగరి పేరు వచ్చాక ఆ ఇంట్లో వాదన ముందుకు పోదని ఆమెకు ఆరేళ్ళుగా తెలుసు.

ఎనిమిదింటికల్లా మైదానంలో గునపాలు దిగాయి. పందిరి గుంజలకు గుంత మీద గుంత పడుతోంది. గీసిన గీతలన్నీ కూలీల కాళ్ళ కింద కలిసిపోయాయి. అప్పుడు మళ్ళీ చిన్నబ్బ చేశాడు.

"వంటోళ్ళు వచ్చినారు సారూ. పదహారు రకాలంట!"

"మనకు పద్దెనిమిది," అన్నాడు గిరిప్రసాద్, పక్కనున్న వంటమేస్త్రీ వైపు తిరిగి. "ఇంకేమున్నాయి చిన్నబ్బా?"

"ఇరవైయొక్క పళ్ళెం పెట్టినారు. పండ్లు, స్వీట్లు, పూలు, గాజులు. ఆ పక్కన ఉయ్యాల. సూసేదానికి రెండు కండ్లూ చాలవు."

"ఉయ్యాలా? ఉయ్యాలెందుకు?"

"ఆయమ్మను కూర్చోబెట్టేదానికి సారూ! అలంకారం చేసి, హారతి ఇచ్చి..."

గిరిప్రసాద్ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దాని వైపే కాసేపు చూశాడు. కుర్చీ కాదు, సోఫా కాదు, ఉయ్యాల! రైలు దిగి అలిసిపోయి వచ్చిన పెద్దావిడను పూల ఉయ్యాల్లో కూర్చోబెట్టి హారతివ్వాలనే ఆలోచన ఈ బాలచంద్రకు తప్ప ఇంకెవరికి వస్తుంది? అక్కడికక్కడే ముప్పైయొక్క పళ్ళేలకూ, ఇత్తడి గొలుసుల ఉయ్యాలకూ పురమాయించాడు.

తర్వాత ఫ్లెక్సీ అంగడికి ఫోను చేసి, శకుంతలమ్మ ఫోటో పంపాడు.

"ఏం మ్యాటరు ఏయమంటారు సార్?" అన్నాడు అంగడివాడు.

"నగరి బాలచంద్ర నీ దగ్గరే ఏయించినాడంట కదా?"

"అవును సార్. నిన్ననే తీసకపోయినారు."

"అచ్చం అట్లే ఏయి. ఫోటో మార్చు, పేరు మార్చు, వాళ్ళ పేరు తీసి మా క్లబ్ పేరు ఏయి. సైజు మాత్రం దానికి రెండింతలు ఉండాల."

"సార్, అది..."

"చెప్పింది చెయ్యప్పా! టైము లేదు."

అంతటితో ఆగి ఉంటే కొంత బాగుండేది. తొమ్మిదిన్నరకు మిఠాయి పళ్ళేల కోసం బస్టాండు వైపు పోతుంటే, నాదస్వరం, డోలు పట్టుకుని నగరి బస్సు కోసం నిలబడి ఉన్న మేళగాళ్ళు కనిపించారు. పుత్తూరు మేళం పోయి నగరిలో వాయించడమా?

"ఎవరింటికి పెద్దాయనా?"

"నగరి బాలచంద్ర గారింటికి నాయనా. పదకొండుకి."

గిరిప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. అబద్ధం ఆడాలంటే చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడ్డ చెవులతోనే అన్నాడు. "ఆ ప్రోగ్రాం మన మైదానానికి మారింది. మీకు చెప్పలేదా? రాండి, రాండి."

మేళం పెద్దాయన బాధ్యత తెలిసిన మనిషి. మైదానానికి రాగానే రెండు షామియానాలూ, అరటిమాన్లూ, ఉయ్యాలా చూసి తృప్తిగా తలూపి, మిగతావాళ్ళు కూడా తనలాగా ఇబ్బంది పడకూడదని ప్రోగ్రాం ఇక్కడికి మారిందని నగరిలో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు.

పదకొండుకు పావుగంట ముందు మైదానం గేటు దగ్గర ఆటో ఆగింది. పొట్టిగా, నిటారుగా ఉన్న యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి దిగింది. కాళ్ళకు కాన్వాసు బూట్లు, భుజాన సంచి, సంచిలోంచి తొంగి చూస్తున్న కొలత టేపు. గిరిప్రసాద్ దండతో ఎదురు పరిగెత్తాడు. ఆమె అతన్ని చూడలేదు. అప్పుడే కట్టిన ఫ్లెక్సీ వైపు చూస్తోంది.

ఇరవై అడుగుల గులాబీరంగు ఫ్లెక్సీ. హంసలు, తామరపూలు. మధ్యలో మెడలో విజిల్ వేసుకుని, ముఖం చిట్లించి ఉన్న శకుంతలమ్మ. కింద బంగారు అక్షరాలు: "చి. శకుంతల ఓణీల అలంకరణ మహోత్సవం. మా చిన్నారిని ఆశీర్వదించ ప్రార్థన. ఇట్లు, పుత్తూరు విలువిద్య క్లబ్."

ఆమె కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివింది.

"సెక్రటరీ గారూ, ఇది నేనేనా?"

గిరిప్రసాద్ అప్పుడే తల ఎత్తి చదివాడు. అరటిమాన్లు, ఉయ్యాల, గాజులు, హారతి, బాలచంద్ర తెచ్చిన కార్డు, అన్నీ ఒక్కసారిగా అతని బుర్రలో కలిసి కూర్చున్నాయి. బాలచంద్రకు పదమూడేళ్ళ కూతురుంది. పేరు పల్లవి. ఆ పిల్లకు మొదటి విల్లు పట్టించింది తనే.

జవాబు చెప్పే అవసరం రాలేదు. రెండు వ్యాన్లూ ఒక మినీ బస్సూ వచ్చి గేటు దగ్గర ఆగాయి. నగరి చుట్టాలు పట్టుచీరలతో, స్టీలు సామాన్లతో దిగారు. మేళం అందుకుంది. ముందు దిగిన ముసలావిడ లోపలంతా వెతికింది.

"పాప యాడ? ఇంగా రాలేదా? మంచి గడియ దాటిపోతాదే!"

"అవ్వ ఉండాదిలే, ముందు అవ్వను కూర్చోబెడదాం," అంది ఇంకో ఆమె ఫ్లెక్సీలోని ఫోటోనూ శకుంతలమ్మనూ పోల్చి చూసి. ఆమె "నేను జడ్జిని," అని చెప్పేలోపలే నలుగురూ రెక్కలు పట్టి ఉయ్యాల్లో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, బూట్ల మీదుగానే కాళ్ళకు పసుపు రాశారు. కొలత టేపు సంచితో సహా ఉయ్యాల మెల్లగా ఊగింది.

మినీ బస్సులోంచి చిన్నబ్బ దిగి గిరిప్రసాద్ దగ్గరికి ఆయాసంగా వచ్చాడు. "సారూ, ప్రోగ్రాం ఈడికి మారిందని పొద్దున్నే నాకు ఎందుకు చెప్పలేదు? ఆడ బాలచంద్ర సారు ఒక్కడే షామియానా కింద నిలబడుకోని ఉండాడు!"

ఆ మాట పూర్తవుతుండగానే బాలచంద్ర బైకు వచ్చింది. వెనక పట్టులంగాలో పల్లవి, ఒళ్ళో పూలజడ పెట్టె. బాలచంద్ర బైకు ఆపకముందే అరిచాడు.

"రేయ్ గిరీ! నా మేళం యాడరా? నా సుట్టాలు యాడ? ఎవుర్రా ప్రోగ్రాం మార్చింది?"

గిరిప్రసాద్ తన్నులు తినడానికైనా సిద్ధంగా నిలబడ్డాడు. బాలచంద్ర చుట్టూ చూశాడు. రెండు షామియానాలు. ముప్పైయొక్క పళ్ళేలు. ఇత్తడి గొలుసుల ఉయ్యాల. పద్దెనిమిది రకాల వాసనలు. చూస్తూ చూస్తూ అతని ముఖం మెత్తబడింది.

"ఇదంతా నువ్వు చేయించినావా?"

గిరిప్రసాద్ తలూపాడు. అది మాత్రం నిజమే.

"కార్డు ఇచ్చేదానికి వస్తే కనపడకపోతివి. ఇంగా కోపం పోలేదనుకుంటి. ఇదా నీ సంగతి!" బాలచంద్ర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందరి ముందూ అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. "నా కూతురికి నాకంటే పెద్దగా చేస్తివి కదరా!"

"ఫ్లెక్సీలో పేరు... ప్రింటింగులో తప్పు పడింది," అన్నాడు గిరిప్రసాద్ అతని భుజంలోకి.

"ఫోటో కూడానా మామా?" అంది పల్లవి.

శకుంతలమ్మ ఉయ్యాల దిగి పల్లవికి చోటిచ్చింది. రూపశ్రీ పూలజడ వేసింది. ఓణీ అందించారు, అక్షింతలు పడ్డాయి. మొదటి అక్షింతలు శకుంతలమ్మవే. అందరూ భోజనాలకు లేస్తుంటే ఆమె కొలత టేపు బయటికి తీసి, స్నేహితులిద్దర్నీ పక్కకు పిలిచింది.

"బాలచంద్ర గారూ, ఈసారి నగరి క్లబ్ పోటీలో లేదనీ, పుత్తూరుకే ఇవ్వమనీ మీరు ఉత్తరం రాశారు. దాన్ని నమ్మే నగరిలో దిగకుండా నేరుగా ఇక్కడికి వచ్చాను. ఒక్కసారి కొలిచి, సంతకం పెట్టేసి పోదామనుకున్నాను."

గిరిప్రసాద్ బాలచంద్ర వైపు చూశాడు. "నువ్వు... నాకు ఇయ్యమని రాసినావా?"

"నీ మైదానం మంచిది కదరా. పైగా నాకు పాప ఫంక్షనాయె."

"మంచిదే అయ్యుండాలి," అంది శకుంతలమ్మ. "కాని షూటింగ్ లైను మీద పందిరి గుంజలున్నాయి. టార్గెట్లు ఉండాల్సిన డెబ్బై మీటర్ల దగ్గర సాంబారు ఉడుకుతోంది. నలభై ఆరు గుంతలు లెక్కపెట్టాను. సాయంత్రంలోగా నేను నివేదిక పంపాలి. ఇవాళ కొలవడానికి వీలుగా ఏ మైదానం ఉంది?"

ఉన్నది ఒక్కటే. ఆ రోజు నగరి మైదానంలో మనిషి అడుగు కూడా పడలేదు.

"నేను అప్లికేషన్ అయినా పెట్టలేదు మ్యాడమ్," అన్నాడు బాలచంద్ర నొచ్చుకుంటూ. "ఇప్పుడు ఈ సుట్టాల్ని ఇడిసిపెట్టి యాడ కూర్చోని రాసేది?"

ఆమె సంచిలోంచి పన్నెండు పేజీల ఫారం తీసి గిరిప్రసాద్ చేతిలో పెట్టింది. "వారి తరఫున మీరు నింపండి. ప్రాణ స్నేహితులు కదా."

గిరిప్రసాద్ వంటపాత్రల పక్కన స్టూలు మీద కూర్చుని కలం తీశాడు. మొదటి పేజీలో రెండుసార్లు పుత్తూరు అని రాసి కొట్టేశాడు. రెండో పేజీకి రాత కుదురుకుంది. మూడో పేజీ నుంచి ఆగలేదు. నగరి మైదానం ఎన్ని అడుగులో, గాలి ఏ నెలలో ఎటు వీస్తుందో, నీడ ఎన్ని గంటలకు ఏ లైను మీద పడుతుందో, కొళాయిలు ఎన్నో, బాణాలు ఆపే కొత్త వలలు ఎప్పుడు కొన్నారో, ఏ పిల్ల ఏ పోటీలో ఎన్ని పాయింట్లు కొట్టిందో, ఒక్కటి కూడా ఎవరినీ అడగలేదు. ఆరేళ్ళుగా కంటికి కునుకు లేకుండా లెక్కపెట్టుకున్నవే అన్నీ. "ఈ క్లబ్‌నే ఎందుకు ఎంచుకోవాలి?" అన్న గడిలో జాగా చాలక, వంటమేస్త్రీ సరుకుల చీటీ అడిగి తీసుకుని, దాని వెనక రాసి గుండుసూదితో గుచ్చాడు.

పది రోజుల్లో జాతీయ పోటీల ఆతిథ్యం నగరి క్లబ్‌కు ఖాయమైంది. ఒక క్లబ్ గురించి ఇంత ప్రేమగా రాసిన దరఖాస్తును దేశంలో ఇంతవరకు చూడలేదని ఆర్చరీ సమాఖ్య వాళ్ళు ఉత్తరం చివర ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.