దేవదానం గారి అరువు మంద

ఒక పెద్ద అడవిలో, మూడు వాగులు దాటితే తప్ప కనబడని చోట, బండలపట్నం అనే జంతువుల మహానగరం ఉండేది. అక్కడ దొరకని వస్తువంటూ లేదు, పక్కవాణ్ణి పలకరించే తీరిక తప్ప. ఆ పట్నంలో కొత్త సంఘం స్థాపించి రమ్మని, వాగులకు ఇవతలున్న మిషను పెద్దలు దేవదానం అనే గాడిదను పంపించారు.

దేవదానానికి రెండు గొప్పలున్నాయి. ఒకటి గొంతు. రెండోది వంశం. బైబిల్లో ప్రభువును పట్నంలోకి మోసుకెళ్ళింది మా పూర్వీకుడేనని అతను ఎక్కడికి వెళ్ళినా చెప్పుకునేవాడు. ఆ మోసినాయన దారి పొడుగునా నోరు మెదపలేదన్న సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

మిషను అధ్యక్షులు ఏనుగుగారు. అందరూ ఆయన్ని పెద్దయ్యగారు అంటారు. ఆయన దేవదానం తలమీద తొండం పెట్టి చాలాసేపు ప్రార్థన చేసి, ఆమేన్ అయ్యాక అసలు మాట చెప్పారు.

"ఏడాది తర్వాత నేనే చూడ్డానికి వస్తాను. వంద ఆత్మలు, అంటే వందమంది విశ్వాసులు, కనబడాలి. కనబడకపోతే వెనక్కొచ్చి మళ్ళీ మన గుడి గంట కొట్టుకుందువుగాని."

పదకొండేళ్ళు ఆ గంట కొట్టాడు దేవదానం. తాడు లాగీ లాగీ ముందుపళ్ళు రెండు వదులయ్యాయి. పళ్ళు పోతే పోయాయి, పదకొండేళ్ళలో ఒక్కరు కూడా అతన్ని 'అయ్యగారూ' అని పిలవలేదు. అది ఎక్కువ బాధించింది.

బండలపట్నం చేరి, పాత రాళ్ళక్వారీ పక్కన తాటాకు పందిరి వేశాడు. ముందర ఫ్లెక్సీ కట్టాడు. అందులో తన బొమ్మ నిలువెత్తున ఉంది, వాక్యం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు.

ఉడత కొమ్మమీంచే చెప్పింది. "మాది పైకొమ్మ సంఘమండీ. కిందికి దిగం."

కుందేలు బొరియలోంచి తల బయటపెట్టింది. "మాదీ సంఘమేనండీ. నిన్ననే రెండయింది. పాట ముందా ప్రార్థన ముందా అని తగువొచ్చి, లోపల ఇంకో వాకిలి తవ్వుకున్నాం. మీరు ఏ వాకిలివాళ్ళు?"

గేదె నెమరు ఆపి అడిగింది. "ఆదివారం భోజనం పెడతారా?"

"వాక్యం ఉంటుందమ్మా."

"అయితే ఆలోచించి చెబుతాలెండి," అని మళ్ళీ నెమరులో పడింది.

ఆరు ఆదివారాలు దేవదానం తాటాకులకు ప్రసంగం చేశాడు. ఏడో ఆదివారం ఒక ముసలి ముళ్ళపంది వచ్చి పందిరి అంచున నిలబడింది. పేరు ఎస్తేరమ్మ. మొగుడు పోయి చాలా కాలమయింది, పిల్లలు లేరు, చెవులు సరిగ్గా వినబడవు.

"వందనాలు అయ్యగారూ," అంది. "ఈ ఊళ్ళో ఏ అయ్యగారు చెప్పిందీ నాకు వినబళ్ళేదు. మీది మా బొరియలోకి వినబడింది. లోపలికి రావచ్చా? నా ముళ్ళకి అందరూ వెనక్కి జరగమంటారు. జరిగి జరిగి బయటికొచ్చేశాను, నాలుగు సంఘాల్లోంచి."

"అయ్యో, ముందుకొచ్చి కూర్చోమ్మా. ముందువరసంతా నీదే," అన్నాడు దేవదానం. నిజమే కదా, వెనక వరసా ఖాళీయే.

ఆ రోజు నుంచి ఎస్తేరమ్మ ఒక్క ఆదివారం తప్పలేదు. ముందే వచ్చి పందిరి ఊడ్చేది. దుంపలు తెచ్చి అయ్యగారి ముందు పెట్టేది. అతనికి జ్వరమొస్తే మూడు రోజులు గుమ్మంలో కూర్చుని ప్రార్థన చేసింది. దేవదానానికి ఆమె అంటే అభిమానమే. కాకపోతే వందమందిలో ఆమె ఒక్కతే అయింది. ప్రసంగం చేసేటప్పుడు అతని చూపు ఆమెను దాటి, రాని తొంభై తొమ్మిది మంది మీద ఉండేది.

ఏడాది నిండింది. వచ్చే ఆదివారం పెద్దయ్యగారు వస్తున్నారని కాకి కబురు తెచ్చింది. దేవదానం నోటికి గడ్డి సయించలేదు.

అప్పుడొచ్చాడు నతానియేలు అనే నక్క. రెండు వీధుల అవతల పెద్ద సంఘానికి కాపరి. దేవదానం మొహం చూసి, కబురు తెలియనట్టే అడిగి, అంతా చెప్పించుకున్నాడు.

"ఇంతేనా బ్రదర్? మీరు ఊరికి కొత్త, ఇక్కడి పద్ధతి తెలీదు. మా మందలో తొంభై తొమ్మిది గొర్రెలున్నాయి. తనిఖీ రోజున ఏ సంఘానికి కావాలంటే ఆ సంఘానికి పంపిస్తుంటాను. ఎన్నిసార్లు బాప్తిస్మం తీసుకున్నారో వాళ్ళకే గుర్తులేదు."

"అది అబద్ధమవుతుందేమో బ్రదర్?"

"ఎందుకవుతుంది? గొర్రెలు నిజం. ఆత్మలు నిజం. మీ పందిట్లో కూర్చోవడం నిజం. ఇవి నా గొర్రెలని మీరు నోటితో అంటే కదా అబద్ధం! మీరు అనకండి. ఆయన అడగరు. బదులుగా మా ఉజ్జీవ కూటాల్లో మూడు రోజులు ప్రసంగించడానికి మీ గొంతివ్వండి, చాలు."

అరువు సొమ్ములు బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు. కానీ గంటతాడు కళ్ళముందు ఊగుతుంటే పెద్దల మాట ఎవరికి వినబడుతుంది? తొంభై తొమ్మిదీ, ఎస్తేరమ్మ ఒకటీ, సరిగ్గా వంద. వందలో ఒకటైనా నిజముంది కదా అని దేవదానం మనసుకు సర్ది చెప్పుకున్నాడు. లోకంలో చాలా సంఘాలకు ఆ ఒకటి కూడా ఉండదని కూడా అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం గొర్రెలు వచ్చి పందిరి చూసుకున్నాయి. పనితనం తెలిసిన మంద అది. పెద్ద గొర్రె ముందుకొచ్చి వివరాలు అడిగింది.

"ఏడవమంటారా అయ్యగారూ, ఆనందించమంటారా?"

"రెండూ కావాలమ్మా."

"అయితే ముందు ఏడ్చి తర్వాత చప్పట్లు కొడతాం. సాక్ష్యాలు ఎన్ని? కుంటికాలు బాగయినవాళ్ళు కుడివైపు, తాగుడు మానినవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు." అని చుట్టూ చూసి, ముందువరసలో ఊడుస్తున్న ఎస్తేరమ్మ దగ్గర ఆగింది. "ఈవిడ మాత్రం ఇక్కడ వద్దండీ. ఆ ముళ్ళకు మా బొచ్చు పట్టుకుంటే అందరం కలిసి లేవలేం. సరిగ్గా హల్లెలూయ దగ్గర ఆగిపోతాం."

దేవదానం రాత్రంతా ఆలోచించలేదు. అంతసేపు అవసరం రాలేదు. ఎస్తేరమ్మ ఒకతి తగ్గితే ఆ స్థానంలో తనను తాను లెక్కేసుకోవచ్చు. గొర్రెలు తగ్గితే ఏం వేసుకోవాలి?

ఆదివారం పొద్దున ఎస్తేరమ్మ ముళ్ళు శుభ్రంగా దువ్వుకుని, పెద్దయ్యగారి కోసం దుంపలు కట్టుకుని వచ్చింది. దేవదానం పందిరి బయటే ఎదురెళ్ళాడు.

"ఎస్తేరమ్మా, ఈ ఒక్క పూట కాస్త బయట నిలబడు. లోపల చోటు చాలదు. మన సంఘం మంచికే."

ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. మొదటిసారి వినబడనందుకో, వినబడినందుకో తెలియదు. "సరే అయ్యగారూ," అని ఎండలో నిలబడింది. ఇంతలో పెద్దయ్యగారి ఘీంకారం వినబడితే దేవదానం అటు పరుగెత్తాడు.

కార్యక్రమం అద్భుతంగా నడిచింది. గొర్రెలు ఏడవాల్సిన చోట ఏడ్చాయి. ఒక గొర్రె కుంటుతూ వేదికెక్కి గెంతుతూ దిగింది. పెద్దయ్యగారు కళ్ళు తుడుచుకుని, "ఈ ఏడాదే రక్షణ పొందినవాళ్ళు ముందుకాలు ఎత్తండి," అన్నారు. తొంభై తొమ్మిది కాళ్ళు లేచాయి. దేవదానం ఛాతీ విచ్చుకుంది.

ఇక మిగిలింది ముగింపు ప్రార్థన. ఏ సంఘంలోనైనా ఆరాధన చివర మందంతా ఒక్క గొంతుతో తమ కాపరి కోసం ప్రార్థించడం అక్కడి ఆచారం. అందరూ ప్రతివారం చేసేదే కాబట్టి దాని గురించి శనివారం ఎవరికీ తోచలేదు. గొర్రెలన్నీ కళ్ళు మూసుకుని, ఏళ్ళుగా అలవాటైన మాటల్ని ఎలుగెత్తి పలికాయి.

"ప్రభువా! మా కాపరి నతానియేలు అయ్యగారిని దీవించు! ఆయన్ని మాకిచ్చినందుకు స్తోత్రం!"

దేవదానం చెవులు రెండూ వేలాడిపోయాయి. పెద్దయ్యగారు ఒక కన్ను తెరిచారు. "నతానియేలు ఎవరు?"

ఫ్లెక్సీ వెనక నుంచి చూస్తున్న నక్క వినయంగా ముందుకొచ్చాడు. "నేనేనండి. వందనాలు."

నిజం చెప్పేద్దామని దేవదానం నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతని గొంతు పెగల్లేదు.

"ఇంతమందిని సంపాదించి, వేదిక కొత్తవాడికిచ్చి, నువ్వు వెనక నిలబడ్డావా!" అన్నారు పెద్దయ్యగారు. "ఇంత తగ్గింపు, ఇంత వినయం నేనెక్కడా చూళ్ళేదు." దేవదానం కోసం తెచ్చిన శాలువా తీసి నక్కకు కప్పారు. "ఇకనుంచి ఈ పందిరీ, మా మిషను పనీ నువ్వే చూసుకో."

"అంతా ఆయన కృప," అన్నాడు నతానియేలు.

పెద్దయ్యగారికి విషయం అర్థం కాలేదా అని మీరు అడగొచ్చు. ఏనుగు కళ్ళు చిన్నవే గానీ గుడ్డివి కావు. ఆయన పైవాళ్ళకు పంపాల్సిన నివేదికలో వంద అని రాయాలి. కాపరి ఎవరన్నది దాని కింద చిన్న గడి.

"అయితే తొంభై తొమ్మిదే ఉన్నారే," అన్నారాయన తలలు చూసుకుంటూ. "వందోవారు?"

"దేవదానం గారిని రాసుకోండి," అన్నాడు నక్క. "నిన్ననే మా సంఘంలో చేరారు. కాలెత్తండి బ్రదర్."

తొంభై తొమ్మిది గొర్రెలు అతని వైపు తిరిగి చూశాయి. దేవదానం కాలెత్తాడు. గొర్రెలు చప్పట్లు కొట్టాయి.

కాలు దించగానే బయటికి పరుగుతీశాడు. ఎస్తేరమ్మ దుంపల మూట నోట కరుచుకుని అప్పటికే వీధి మలుపు దాకా వెళ్ళింది.

"ఆగు ఎస్తేరమ్మా!" అని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. "నా సంఘాన్ని లాగేసుకున్నారు. నువ్వొక్కసారి లోపలికొచ్చి పెద్దయ్యగారికి చెప్పు. ఇది దేవదానం అయ్యగారి సంఘం, నేను ఆయన విశ్వాసినని చెప్పు. ఈ ఊళ్ళో ఆ మాట నిజంగా చెప్పగలిగేది నువ్వొక్కదానివే."

ఎస్తేరమ్మ మూట కింద పెట్టింది.

"చెబుదును అయ్యగారూ. కానీ సంఘంలో దానివైతే బయటెందుకున్నావని ఆయన అడిగితే ఏం చెప్పమంటారు?"

దేవదానం పందిరి వైపు తిరిగి చూశాడు. ఆమె మూట తీసుకుని, అతనికి ముళ్ళు తగలకుండా ఒక పక్కగా జరిగి తన దారిన వెళ్ళిపోయింది.

నీతి: బైబిలు కథలో లాగా తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదిని వదిలి వెళ్ళేవాడు మంచి కాపరే కావచ్చు గానీ, అతని నివేదికలో వంద ఎప్పటికీ పూర్తి కాదు.