మా తరఫున మాట్లాడిన పాదిరీగారు

ఇంగ్లండు రాజుగారి దయవల్ల మా కెన్యాకూ ఒక శాసనసభ వచ్చింది. నైరోబీలో కూర్చునే ఆ సభలో ఎక్కువమంది సీమదొరలే. కికుయూ జాతివాళ్లమైన మాకు లోటు జరక్కూడదని, మా తరఫున మాట్లాడడానికి ఒక పాదిరీగారిని ప్రత్యేకంగా నియమించారు. ఆయనకు మా భాషలో పాపం, పశ్చాత్తాపం, విధేయత అనే మాటలు చక్కగా వచ్చు. మిగతావి అవసరం పడలేదు.

సభవారు ముందుగా మా భూముల చిక్కు విప్పారు. అంతవరకూ మా కొండగట్టుమీద ఏ నేలచెక్క ఎవరిదంటే, ఎవరి తాత అడవి నరికాడో, ఎవరి తాత అక్కడ ముందునుంచీ ఉన్న వేటగాళ్లకు మేకలిచ్చి కొన్నాడో పొద్దుగూకేదాకా చెప్పుకునేవాళ్లం. సభ ఒక్క వాక్యంలో తేల్చేసింది: భూమంతా రాజుగారిది, మేం ఆయన ఇష్టమున్నన్నాళ్లు ఉండే కౌలుదార్లం. రాజుగారు మా గట్టు ఎన్నడూ చూడలేదు. చూడని నేలమీద అంత మమకారం పెంచుకున్న మనిషిని మేమూ ఎన్నడూ చూడలేదు.

మా గట్టుమీది గథోగో అనే రైతు చిలగడదుంపల చేను కాఫీకి బాగుంటుందని ఒక కెప్టెన్ దొరకు తోచింది. రాజుగారి ఇష్టం వెంటనే అటు తిరిగింది. దొర కఠినుడేమీ కాదు. గుడిసె పీకించలేదు. అందులోనే ఉండి తన మొక్కలు నాటమన్నాడు.

గథోగో భార్య న్యాగుథీ ఊరుకోలేదు. "ఏమయ్యా, మన తరఫున మాట్లాడే మనిషి ఉన్నాడంటిరే! పోయి చెప్పు."

"ఆయనకు తెలీదంటావా?"

"తెలిస్తే ఊరుకుంటాడా?"

గథోగో నైరోబీ నడిచివెళ్లి, సభ మెట్లమీద పాదిరీగారిని పట్టుకుని అంతా చెప్పాడు. తండ్రి సమాధి కూడా ఆ చేలోనే ఉందంటూ ఏడ్చేశాడు.

పాదిరీగారు భుజం తట్టారు. "నీ మాట నీకంటే బాగా చెబుతాను. వెనక నిలబడి విను."

సభ మొదలైంది. తలుపు దగ్గరి బంట్రోతు మావాడే. ఇంగ్లీషు ప్రసంగాన్ని గథోగో చెవిలో మా భాషలో చెబుతున్నాడు.

"అధ్యక్షా! ఈ ప్రజల అంతరంగం నాకు తెలుసు. వారికి కావలసింది భూమి కాదు, పని. ఈ ఉదయమే గథోగో అనే పెద్దమనిషి నన్ను కలిశాడు. కాఫీ మొక్కలు నాటే భాగ్యం కలిగినందుకు కంటతడి పెట్టుకున్నాడు!"

"ఏడ్చింది నిజమే!" గథోగో గావుకేక పెట్టాడు. "ఎందుకేడ్చానో చెప్పవేమయ్యా? నా చేను నాకిప్పించు!"

అధ్యక్షులవారు అదిరిపడ్డారు. "ఏమంటున్నాడు?"

"కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాడు," అన్నారు పాదిరీగారు.

సభ బల్లలు చరిచింది. గథోగో కృతజ్ఞతలను రికార్డుల్లో చేర్చి, గథోగోను బయటికి నెట్టించారు.

ఇంటికి రాగానే న్యాగుథీ అడిగింది. "ఏం చెప్పాడు?"

"నేను చాలా సంతోషంగా ఉన్నానట."

ఆమె నవ్వబోయి, మొగుడి మొహం చూసి ఆగిపోయింది. అంత కృతజ్ఞత ఉన్నవాడు సభలో కేకలు వేయడమేమిటని దొర వారంలోగా గుడిసె తగలబెట్టించాడు. ఆలుమగలు న్యాగుథీ తమ్ముడి పంచన చేరారు. గథోగో అక్కడే పోయాడు. తండ్రి పక్కన పూడ్చడానికి కెప్టెన్ దొర ఒప్పుకోలేదు.

తర్వాత జెండా మారింది. సభ నిండా మావాళ్లే కూర్చున్నారు. కెప్టెన్ దొర పోతూపోతూ ఆ తోటను మేం గెలిపించి పంపిన మా సభ్యుడికే అమ్మాడు. గథోగో కొడుకులు వెళ్లి తమ చేను అడిగితే, పట్టా తన పేరున ఉందనీ, చట్టం చట్టమేననీ సభ్యుడుగారు సెలవిచ్చారు. ఈసారి తర్జుమా అక్కర్లేకపోయింది. అచ్చమైన మా భాషలో, ఒక్క తప్పు లేకుండా చెప్పారు.

అది విని మా గట్టంతా గర్వపడింది. మళ్లీ ఆయన్నే గెలిపించాం.