తడి స్లాబు మీద పొడి అడుగులు

ఆ శుక్రవారం కోసం దేవదాసు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. పొద్దున్నే సైటుకు పోయి కొత్త స్లాబుకు నీళ్ళు పట్టాలి. అక్కణ్ణుంచి డ్రైవర్ ముర్తుజా పికప్‌లో ఇబ్రి బజారుకు పోయి, వీసీఆర్‌తో పాటు ఒక దయ్యం సినిమా క్యాసెట్టు అద్దెకు తేవాలి. మధ్యాహ్నం రూమ్ కిటికీకి దుప్పటి కట్టి దాన్ని చూడాలి. చూసినంతసేపూ తిట్టాలి. ఈ చివరి పని కోసమే మిగతావన్నీ.

దేవదాసు జగిత్యాల వైపు నుంచి ఈ ఎడారి దేశానికి పనికి వచ్చిన మేస్త్రీ. గోడ ఎంత నిటారుగా కడతాడో అభిప్రాయం కూడా అంత నిటారుగా చెబుతాడు. సెలవు మీద ఇంటికి పోయి వచ్చినవాళ్ళు పచ్చడి సీసాల మధ్య కుక్కి తెచ్చే నవలలన్నీ చదివేవాడు. డిటెక్టివ్ నవలలో అందరికంటే ముందు కాఫీ తెచ్చి ఇచ్చినవాడే హంతకుడని అతని సిద్ధాంతం. గ్రహాల మీదికి పోయే నవలలు రాకెట్ లేచేదాకానే బాగుంటాయట, ఆ తర్వాత అక్కడ ఎవరికీ డ్యూటీ ఉండదు కాబట్టి. మంత్రగాళ్ళ నవల చదువుతుంటే నిమ్మకాయలూ పసుపూ కుంకుమల జాబితాతో కిరాణా కొట్టులో నిలబడ్డట్టు ఉంటుందట.

రూమ్‌లో మిగతా ఇద్దరి అభిరుచులు వేరు. హైదరాబాదీ ముర్తుజాకు ఇంటర్వెల్ లోపల హీరోకు నెత్తురు కారకపోతే క్యాసెట్టు మార్చాల్సిందే. షట్టరింగ్ పని చేసే ఇస్తారి తెర మీద తల్లి కనపడితే చాలు, ఆమె వంట చేసుకుంటున్నా ఏడుస్తాడు. దేవదాసు సినిమాను ముక్కలు ముక్కలు చేస్తుంటే ఇద్దరూ దండం పెట్టి నోరు మూసుకొమ్మనేవాళ్ళు. అతను మూసుకునేవాడు కాదు.

సైటు ఊరి చివర, ఖర్జూర తోటల అంచున ఉంది. ముర్తుజా బండిలోనే కూర్చున్నాడు. దేవదాసు, ఇస్తారి పైకెక్కారు. పైపుతో స్లాబు తడుపుతూ దేవదాసు దయ్యం సినిమాల మీద పడ్డాడు.

"దయ్యం మాట్లాడుడు సురువు జేసినంక ఇగ భయమెక్కడిది? గది కోర్టు కేసు. నేనైతే దయ్యాన్నే సూపియ్య."

మరి ఏం చూపిస్తావని ఇస్తారి అడిగాడు. దేవదాసు పైపు కింద పెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"గిదే స్లాబు అనుకో. మిట్టమధ్యాహ్నం. ఎవ్వలు లేరు. అంతా తడిగున్నది. ఎన్కకు మర్రి సూస్తే తడి మీద పొడి అడుగులు. మెట్లకెళ్లి వచ్చి గా మూలకు పోయినయ్. దిగిన అడుగులు లెవ్వు."

ఇస్తారి ఒళ్ళు జలదరించింది. దేవదాసుకు తృప్తి కలిగింది. ఆలస్యమవుతోందని పిలవడానికి వచ్చిన ముర్తుజా సరిగ్గా అప్పుడే సగం మెట్లెక్కి ఉన్నాడు. 'అనుకో' అన్న మాట అతను వినలేదు. ఆ తర్వాతి మాటలన్నీ విన్నాడు. వచ్చినవాడు వచ్చినట్టే దిగిపోయి బండిలో కూర్చున్నాడు. బజారు చేరేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. బండి తోలుతూ ముర్తుజా నోరు మెదపకపోవడం అంతకు ముందెన్నడూ జరగలేదు. అది వాళ్ళిద్దరూ గమనించి ఉండాల్సింది.

వీడియో షాపులో దేవదాసు క్యాసెట్టు అట్టల మీది బొమ్మలను తిడుతూ ఉండగా, ముర్తుజా షాపు యజమాని చెవిలో విషయం వేశాడు. నమ్మకస్తుడని ఆయన ఒక్కడికే చెప్పాడు. ఆయన కూడా నమ్మకస్తులకే చెప్పాడు. ఇబ్రిలో నమ్మకస్తులు చాలామంది.

సాయంత్రం చాయ్ దుకాణంలో దేవదాసు పక్కన కూర్చున్న ప్లంబర్ ఒకడు, పరిచయం కూడా లేకుండానే ఒక సంగతి చెప్పాడు. ఎక్కడో ఒక కొత్త స్లాబు మీద పొడి అడుగులు కనపడ్డాయట. చిన్న పాదాలు. కాలికి ఆరేసి వేళ్ళు. వాటి వెనకే సాంబ్రాణి వాసన. దేవదాసు శ్రద్ధగా విన్నాడు. వాసన బాగుందనీ, ఆరు వేళ్ళు మాత్రం కథను పాడుచేశాయనీ అభిప్రాయం చెప్పాడు. కథ అంటావేమిటి, మీ కంపెనీ సైటే కదా అన్నాడు ప్లంబర్. అప్పుడు దేవదాసుకు చాయ్ చల్లారిపోయినట్టు అనిపించింది.

శనివారం ఒక్కడూ పైకెక్కలేదు. తట్టలూ పారలూ మెట్ల దగ్గరే ఆగాయి. తాను నవలలో లాగా ఊరికే అల్లానని దేవదాసు అందరికీ చెప్పాడు. ఎలా అల్లాడో, ఎందుకు అడుగులు దిగకూడదనుకున్నాడో విడమరిచి చెప్పాడు. చెబుతున్నకొద్దీ వాళ్ళ ముఖాలు పాలిపోయాయి. చూడనిదే ఇంత వివరంగా ఎవడు చెప్పగలడన్నాడు ఒక పెయింటరు. నౌకరీ పోతుందని ఇప్పుడు మాట మారుస్తున్నాడన్నాడు ఇంకొకడు. అంతకు ముందు అతని మాట ఎవరూ ఇంత నమ్మింది లేదు.

ఫోర్‌మన్ అఖీల్ కడప మనిషి. కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ రోజు మరీ తగ్గింది.

"ఏమప్పా దేవదాసూ, ఈ ఎండకు స్లాబు పగిలితే అర్బాబ్‌కు ఎవురు జెప్పాల? మొదులుపెట్టినోనికి వీసా క్యాన్సిల్ అన్నాడు. నువ్వే ఎక్కి నీళ్ళు పట్టు. అందురూ జూస్తారు."

అర్బాబ్ అంటే కంపెనీ యజమాని. ఆయన అన్న మాట వెనక్కి తీసుకోడని అందరికీ తెలుసు. దేవదాసుకు ఊళ్ళో తన ఇల్లు గుర్తొచ్చింది. గోడలు లేచి, పైకప్పు లేక, భార్య లస్మవ్వ తాటాకు పందిరి కింద వండుకుంటోంది. పైపు భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

మిట్టమధ్యాహ్నం అయింది. ఎడారి వైపు నుంచి దుమ్ము లేచి ఎండ పసుపు రంగుకు తిరిగింది. కింద అంతమంది ఉన్నా ఒక్క మాటా పైకి రావడం లేదు. తోటల్లో పిట్ట కూడా అరవలేదు. నీళ్ళు పడ్డచోట స్లాబు నల్లగా మారుతూ వచ్చింది. ఒక చివర నుంచి మరో చివరకు తడుపుకుంటూ పోయాడు. వెనక్కి తిరగకూడదని గట్టిగా అనుకున్నాడు. అలా అనుకున్నవాడు తిరగకుండా ఉండలేడని ఎన్ని సినిమాలను తిట్టాడో.

తిరిగాడు.

నల్లటి తడి మీద తెల్లగా పొడి అడుగులు. చిన్నవి, సన్నటివి. మెట్ల దగ్గర మొదలై, తోటల వైపు మూలకు పోయి, అక్కడ ఆగాయి. అతని చేతిలో పైపు తనంతట తానే కిందికి జారింది. నీళ్ళు అడుగుల మీదికి పారాయి. పారి, పక్కకు జరిగాయి.

దేవదాసు ఎలా దిగాడో అతనికే తెలియదు. అతని వాలకం చూసి అఖీల్ పైకెక్కాడు, చూశాడు, మెల్లగా దిగాడు. ఇక పారిపోవడమే తరువాయి అన్నట్టు జనం బండి వైపు చూస్తుండగా, దేవదాసు బుర్రలో చదివిన డిటెక్టివ్ నవలలన్నీ ఒక్కసారి మేలుకున్నాయి. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. షట్టరింగ్ పలకలకు కాంక్రీటు అంటకుండా నూనె రాస్తారు. నూనె కాళ్ళతో నడిస్తే అక్కడ నీళ్ళు అంటుకోవు. నూనె కాళ్ళవాడు ఇక్కడ ఒక్కడే ఉన్నాడు.

దేవదాసు ఆ మాట పైకే అనేశాడు, అందరూ ఇస్తారి వైపు తిరిగారు. ఇస్తారి దేవదాసు ముఖం చూశాడు. మొన్న పైన కునుకు తీద్దామని పోయాననీ, ఆ అడుగులు తనవేననీ ఒప్పుకున్నాడు. అఖీల్ అతని పాదాలు చూశాడు. పార అంత ఉన్నాయి. పైన ఉన్న అడుగులు గుర్తు చేసుకున్నాడు. ఆరుతున్న స్లాబును తలుచుకున్నాడు. రెండూ ఒకటేనని తేల్చేశాడు. జనం నవ్వారు, ఇస్తారిని తిట్టారు, తట్టలెత్తారు. ముర్తుజా తనకు మొదటి నుంచీ అనుమానమేనన్నాడు.

సందడి సద్దుమణిగాక ఇస్తారి దేవదాసు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నీ నౌకరీ కోసం అట్లన్న. స్లాబు ఏసినకాంచి నేను శెప్పుల్లేకుంట మీదికెక్కలేదే."

దేవదాసు బదులు చెప్పకముందే తెల్ల కారు వచ్చి ఆగింది. ఇల్లు కట్టించుకుంటున్న ఖల్ఫాన్ అనే ముసలాయన చేతికర్రతో దిగాడు. పుకారు ఆయన దాకా పోయింది. అఖీల్ ఎదురు పరుగెత్తి, నూనె సంగతీ కాళ్ళ సంగతీ వివరించాడు. ఆయన అన్నీ విని తలాడించి, దేవదాసును మెట్ల కింది నీడలోకి పిలిచాడు. వీసా కథ ముగిసిందనుకుని దేవదాసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ దిగని అడుగుల మాట నీకెవరు చెప్పారని ఖల్ఫాన్ తనకు వచ్చిన హిందీలో అడిగాడు. ఎవరూ చెప్పలేదనీ, తన బుర్రలోంచి పుట్టిందనీ దేవదాసు ప్రమాణం చేశాడు. ముసలాయన కర్ర ఆనించి అడుగు మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, ఇంటి సంగతి ఇంటివాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. ఇదివరకు ఇక్కడే వాళ్ళ మట్టి ఇల్లు ఉండేదట. వాళ్ళ నాయనమ్మ రోజూ మిట్టమధ్యాహ్నం పైకెక్కి ఎండబెట్టిన ఖర్జూరాలు తిరగేసేదట. పోయినా ఆ అలవాటు పోలేదట. పనివాళ్ళు బెదురుతారని తాను ఎవరికీ చెప్పలేదట. ఆమె దిగడం తమ ఇంట్లో కూడా ఎవరూ చూడలేదట.

ఆయనకు కోపం లేదు. వచ్చింది వేరే ఫిర్యాదు మీద.

"మెట్లు మరీ ఎత్తుగా కట్టారు," అన్నాడు. "ఆమెకు మోకాళ్ళ నొప్పులు."

మర్నాడు దేవదాసు మెట్లన్నీ పగలగొట్టి, ఒక్కో మెట్టూ రెండు వేళ్ళ ఎత్తు తగ్గించి, ఇంకొన్ని మెట్లు చేర్చి మళ్ళీ కట్టాడు. గోడ పొడవునా పట్టుకోవడానికి ఒక కమ్మీ కూడా పెట్టాడు, అది ఎవరూ అడగలేదు.