కాస్త చలాకీగా

ఆ రోజు పొద్దున్న వృద్ధుల నివాసం మేనేజరమ్మ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటలకు తనిఖీ అధికారి వస్తాడు. గదులు చూస్తాడు, వంటగది చూస్తాడు, వృద్ధులతో నాలుగు మాటలు మాట్లాడతాడు, నివాసం లైసెన్సు పొడిగించి తన దారిన తాను పోతాడు. ఇంత చక్కని పథకాన్ని ఆమే చేజేతులా పాడు చేసుకుంది. టిఫిన్ల వేళ హాల్లోకి వచ్చి, అధికారి ముందు కాస్త చలాకీగా కనబడమని అందరికీ చెప్పింది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పక్క వీధిలో ఇలాంటి నివాసాన్నే నెల కిందట మూసేశారు. అక్కడివాళ్ళ ఆరోగ్యం మరీ దిగజారిందనీ, వాళ్ళను చూసుకునే ఏర్పాట్లు అక్కడ లేవనీ తేల్చి, ఒక్కొక్కరిని ఒక్కో ఊరికి పంపేశారు. అప్పటినుంచీ ఇక్కడి పన్నెండు మందికీ అదే బెంగ. కలిసి పేకాడుతూ, కలిసి పోట్లాడుకుంటూ, ఒకరి కళ్ళజోడు ఒకరు పోగొడుతూ బతుకుతున్నవాళ్ళు. ఈ వయసులో విడదీస్తే మళ్ళీ కొత్తవాళ్ళతో పోట్లాట మొదటినుంచీ మొదలుపెట్టాలి. మేనేజరమ్మకూ రాత్రిళ్ళు నిద్ర పట్టనిది ఆ బెంగతోనే.

ఆమె అటు తిరగగానే రిటైరైన హెడ్మాస్టారు రంగంలోకి దిగారు. చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీ అన్నీ స్టోరు గదిలోకి పోయాయి. సాయం అనే మాట ఎవరి నోటా రాకూడదని ఆయన హుకుం జారీ చేశారు.

అధికారి నవ్వితే జీతంలో కోత పడుతుందన్నట్టుండే మనిషి. ఆయన వచ్చేసరికి హాల్లో అందరూ నిలబడి ఉన్నారు. బస్సులు నడిపి రిటైరైన డ్రైవరు బాబాయి ఒకసారి కూర్చుంటే మనిషి సాయం లేనిదే లేవలేడు. అందుకని టిఫిన్ కూడా నిలబడే తిన్నాడు. చేతులు వణికే పిన్నిగారు అధికారి ఎదురుగా గ్లాసెడు నీళ్ళు ఎత్తి తాగబోయి, సగం చీర మీద పోసుకుని, చల్లగా ఉంటుందని పోసుకున్నానంది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఎవరు సాయం చేస్తారని అధికారి అడిగితే, గోడను గట్టిగా పట్టుకున్న మాస్టారు, తానే పదిమందికి పెడతానన్నారు. ఆయన బొత్తాలు ఆ పొద్దునే మేనేజరమ్మ పెట్టింది.

అధికారి ఆమెను పక్కకు పిలిచాడు. "ఇక్కడ ఎవరికీ ఏ సాయమూ అక్కర్లేదు. అలాంటప్పుడు ఇది సహాయక నివాసం ఎలా అవుతుందమ్మా? హాస్టలు అవుతుంది. హాస్టలుకి నేను లైసెన్సు ఇవ్వలేను."

చేతకాని వాళ్ళుంటే మూసేస్తారు, చేతనైన వాళ్ళున్నా మూసేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదేనేమో. అధికారి వంటగదిలోకి వెళ్ళగానే మేనేజరమ్మ హాల్లోకి పరిగెత్తింది.

"మాస్టారూ, మీ చలాకీతనం మన కొంప ముంచేలా ఉంది. కొంచెం చేతకానట్టు ఉండండి."

"ఎంత కొంచెం?"

"రోజూ ఉన్నంత."

కానీ మాస్టారు ఏ పనీ కొంచెం చేసే మనిషి కాదు. అధికారి వంటవాడు ఇచ్చిన టీ తాగి బయటికి వచ్చేసరికి హాలు ఖాళీ. పన్నెండు మందీ మంచాల మీద మెడదాకా దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. పిన్నిగారు మూలుగుతోంది. పేరేమిటని అడిగితే మాస్టారు చాలాసేపు ఆలోచించి, గుర్తు లేదన్నారు.

అధికారి ముఖం పాలిపోయింది. ఇందాక నిక్షేపంలా ఉన్న పన్నెండు మంది ఒక్కసారిగా పడిపోయారంటే తిన్న తిండిలోనే ఏదో ఉండాలి. తాను తాగిన టీ గుర్తొచ్చి పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వాళ్ళకేమీ కాలేదనీ, అదంతా నాటకమనీ మేనేజరమ్మ లబలబలాడింది.

"ఏది నాటకం? ఇందాకటిదా, ఇప్పటిదా?" అన్నాడాయన.

రెండూ అంటే ఉన్న లైసెన్సూ అక్కడికక్కడే పోతుంది.

అంబులెన్సువాళ్ళు స్ట్రెచరుతో లోపలికి రావడం చూడగానే రోగాలన్నీ మాయమయ్యాయి. తమకేమీ లేదంటూ పదకొండు మంది లేచి మంచాల పట్టెలు పట్టుకుని నిలబడ్డారు. తాను కూడా బాగానే ఉన్నాననీ, ఎవరైనా కాస్త లేపితే నిలబడి చూపిస్తాననీ డ్రైవరు బాబాయి పడుకునే కేకేశాడు. పేషెంటు ఎవరని అంబులెన్సు మనిషి విసుక్కున్నాడు. అందరినీ కడిగేద్దామని నోరు తెరిచిన మేనేజరమ్మకు కళ్ళు తిరిగాయి. గోడకు ఆనుకుని కూలబడింది. అంబులెన్సు మనిషి ఆమె బీపీ చూసి నోరెళ్ళబెట్టాడు. స్ట్రెచరు ఊరికే పోలేదు.

"నేను రాకూడదు బాబూ. శిక్షణ పొందిన మనిషి లేకుండా ఈ నివాసాన్ని ఒక్క నిమిషం కూడా వదలకూడదు. అది రూలు" అని ఆమె పడుకునే మొరపెట్టుకుంది.

"అవును, రూలే" అన్నాడు అధికారి అలవాటు కొద్దీ. అన్నాక అటూ ఇటూ చూశాడు. వంటవాడికి శిక్షణ లేదు. ఊడ్చే మనిషికి లేదు. ఆ ఇంట్లో సర్టిఫికెట్టున్న వ్యక్తి ఆయనొక్కడే. పన్నెండు మందీ ఆయన వైపే చూస్తున్నారు.

ఆసుపత్రిలో మాత్ర ఇచ్చి, కదలకుండా పడుకోమన్నారు. ఆమె శరీరం కదల్లేదు గానీ ప్రాణమంతా నివాసంలోనే ఉంది. పిన్నిగారికి స్నానం ఎవరు చేయిస్తారు? బాబాయిని కుర్చీలోంచి ఎవరు లేపుతారు? లైసెన్సు ఎలాగూ పోయింది, ఇక వీళ్ళంతా ఏ ఊళ్ళలో తేలతారోనని దుప్పటి ముఖానికి కప్పుకుని ఏడ్చింది. ముసలాళ్ళ మీద కోపం మాత్రం ఆ ఏడుపులోనూ తగ్గలేదు.

సాయంత్రం టాక్సీ దిగి, తిట్టాల్సిన తిట్లన్నీ వరసగా పేర్చుకుంటూ లోపలికి వచ్చింది. హాల్లో అధికారి తడిసిన చొక్కా చేతులు పైకి మడుచుకుని బాబాయిని కుర్చీలోంచి లేపుతున్నాడు. లేపి నిలబెట్టగానే బాబాయి కూర్చుంటానన్నాడు. అలా కాదు, చంకల కింద పట్టుకోవాలని మాస్టారు పక్కనుంచి పాఠం చెబుతున్నారు, చొక్కా బొత్తాలన్నీ తప్పుగా పెట్టించుకుని. స్నానానికి నీళ్ళు మరీ వేడిగా పోశాడని పిన్నిగారు ఇంకా సణుగుతూనే ఉంది.

మేనేజరమ్మను చూడగానే అధికారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లైసెన్సు మీద మధ్యాహ్నమే సంతకం పెట్టేశాను. ఇక్కడ అందరికీ సాయం కావాలి. చాలా కావాలి" అని కాగితం ఆమె చేతిలో పెట్టి, సంచీ కూడా మరిచిపోయి గేటు దాటేశాడు.

లైసెన్సు మూడేళ్ళకు పొడిగించాడు. అడుగున ఎర్ర సిరాతో ఒకే ఒక్క షరతు రాశాడు: ఈ మూడేళ్ళలో మేనేజరుకు ఏ జబ్బూ రాకూడదు.