మొదటి తరగతి వెలుతురు

భవానీపురం గృహాంతర సస్యాభివృద్ధి సంఘంవారు 1946 వేసవిలో ఒక మహత్తర విషయం కనుగొన్నారు. ఇళ్లలోకి వెలుతురు కిటికీల గుండా వస్తుంది. అంతవరకు ఈ సంగతి ఇళ్లలో పనిచేసుకునే ఆడవాళ్లకు తప్ప పెద్దమనుషులెవరికీ తెలియదు.

సంఘానికి కార్యదర్శి రామకోటేశ్వరరావు గారు. బెజవాడలో బట్టల వ్యాపారం. కుండీ మొక్కల మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి సంపాదించి, అందులో బొమ్మలన్నీ చూసి పండితులయ్యారు. ఏ మొక్కకు ఎంత వెలుతురు కావాలో పుస్తకంలో ఉంది. ఏ గదిలో ఎంత వెలుతురుందో తేల్చే పద్ధతి మాత్రం వారి సొంతం. మిట్టమధ్యాహ్నం దినపత్రిక పట్టుకుని ఇల్లంతా తిరగాలి. చిన్న అక్షరాలు కనబడితే మొదటి తరగతి వెలుతురు. శీర్షికలే కనబడితే రెండోది. పత్రిక ఉన్నట్టు చేతికి తెలిసి కంటికి తెలియకపోతే మూడోది.

తొలి పరీక్ష సంఘాధ్యక్షులు సాంబమూర్తి గారింట్లో జరిగింది. మొదటి తరగతి రెండే చోట్ల తేలింది. తూర్పు కిటికీ దగ్గర ఆయన తల్లి వెంకటరావమ్మ గారు మగ్గానికి నూలు కండెలు చుడుతున్నారు. వంటింటి కిటికీ దగ్గర భార్య శివపార్వతి గారు రేషను బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు.

“అమ్మా, తమరు కాస్త లేవాలండీ. క్రోటన్‌కి తూర్పు ఎండ కావాలి” అన్నారు కార్యదర్శి.

“నాకూ కావాలి నాయనా. పోగు తెగితే కనబడొద్దూ?”

కార్యదర్శి పుస్తకం తిరగేసి, నిజమైన విచారంతో తల ఊపారు. “ఇందులో తమరి పేరు లేదండీ.”

అత్తాకోడళ్లను సగౌరవంగా సామాను గదిలోకి, అంటే మూడో తరగతిలోకి మార్చారు. వాళ్ల స్థానంలో క్రోటన్, ఫెర్ను కొలువుదీరాయి. పుస్తకం రాసిన దొరగారి దేశంలో సూర్యుడు ఎప్పుడో చుట్టపుచూపుగా వస్తాడట. మన సూర్యుడు కాపురముంటాడు. పడమటి కిటికీలో పెట్టిన గులాబీ మూడోనాటికి వేయించిన అప్పడమైంది. ‘ఆశాజనకంగా ముదురుతున్నది’ అని కార్యదర్శి నివేదిక రాశారు.

పదో రోజున ఆ ఇంట్లోనే సంఘానికి విందు. కార్యదర్శి విస్తరి ముందు కూర్చునే ఉపన్యసించారు.

“సోదరులారా! వెలుతురు వృథాగా మనుషుల మీద పడిన కాలం గతించింది! ఇకపై ప్రతి కిరణానికీ ఒక ఆకు...” అంటూ ముద్ద నోట పెట్టుకున్నారు. కటుక్కుమంది. కార్యదర్శి గారి ముందుపన్ను, దానికన్న కాస్త పెద్దదైన రాయి, రెండూ విస్తట్లోకి వచ్చాయి.

విచారణ సంఘం కూర్చుంది. బియ్యం మూడో తరగతిలో ఏరడం వల్లనే ప్రమాదం జరిగిందని తేల్చింది. మొక్కల్ని కదపడమా? కదిపితే మొక్క బెంగపెట్టుకుంటుంది. ఆడవాళ్లకు ఆ ఇబ్బంది లేదు, పుట్టింటి నుంచి కదిలి వచ్చిన అనుభవం ఉన్నవాళ్లు. కనుక వాళ్లు వీధరుగు మీద పని చేసుకోవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానించారు.

మొదటి రోజు శివపార్వతి గారు చేటలోంచి తల ఎత్తలేదు. రెండో రోజు ఎదురింటి తెరేసమ్మ తన చేట పుచ్చుకుని వచ్చి పక్కన కూర్చుంది. మూడో రోజు శివపార్వతి గారు తల ఎత్తారు. పదకొండేళ్ల కాపురంలో ఆ వీధి చివర ఏముందో అప్పుడే చూశారు. కృష్ణ ఉంది.

వారం తిరిగేసరికి అరుగు మీద పన్నెండు చేటలు, పదమూడు నవ్వులు. అదనపు నవ్వు వెంకటరావమ్మ గారిది, చేట లేకపోయినా కండెలు చుడుతూ మధ్యమధ్య నవ్వేవారు. లోపల మగవాళ్లు మొక్కలకు నీళ్లు పోస్తూ, తమకు కాఫీ ఎందుకు రావడం లేదా అని ఆలోచించారు.

చివరికి సాంబమూర్తి గారు గుమ్మంలోకి వచ్చారు. “ఏమేవ్, ఫెర్ను తీసేశానే. కిటికీ నీదే. లోపలికి రా.”

“అయ్యో, బెంగపెట్టుకుంటుందేమోనండీ! నాకిక్కడ బాగానే ఉంది.”

“తలుపు దగ్గరగా వేసుకో నాయనా, ఎండ పడుతుంది. నీకు మూడో తరగతి చాలు” అన్నారు తల్లి.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఊరి వెలుతురంతా వీధరుగుల మీద ఆడవాళ్ల పాలవుతున్నదనీ, దీన్ని వెంటనే అరికట్టాలనీ పైవారికి అర్జీ రాశారు. పేటలో మురుక్కాలువ బాగుచేయించమని అంతకుముందు రాసిన అర్జీకి మూడేళ్లలో ఆరు సంతకాలు వచ్చాయి. దీనికి సాయంత్రంలోగా రెండు వందలు. లోపల చీకటిగా ఉండటాన సంతకాలన్నీ ఆ అరుగు మీదే పెట్టారు. ఆడవాళ్లు కాస్త జరిగి చోటిచ్చారు.

పాఠక మహాశయా, అందులో మీ సంతకం కూడా చూశాను. దస్తూరీ ముచ్చటగా ఉంది.