ముసుగులో మహారాజు ఏలుబడి

మా వార్డు మెంబరు మీద, అంటే మా అక్క మొగుడి మీద, నాకు ఒకటే ఫిర్యాదు. ఇంత చల్లని పాలన ఇన్నాళ్లూ మాకెందుకు తేలేదూ అని!

మా సెంటర్లో ఆయన గుర్రమెక్కిన మహారాజు విగ్రహం పెట్టించాడు. కిరీటం నుంచి డెక్కల దాకా ముసుగు. తెర తీయడానికి మంత్రిగారికి ఏడాదిగా డేట్ కుదరడం లేదు. అయ్యో అంటున్నారా? అనకండి! కళ్లూ నోరూ మూసుకుని ఎవరి జోలికీ పోని రాజును మీరెక్కడైనా చూశారా?

బతికున్నప్పుడు చెరువులు తవ్వించాడట, పొరుగూళ్లు తగలబెట్టించాడట. ఐదో క్లాసుతో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, ఆ గొడవ నాకెందుకు? ఇప్పుడు చూడండి! ముసుగు నీడన ఊరకుక్కా ట్రాఫిక్ కానిస్టేబులూ పక్కపక్కనే కునుకు తీస్తున్నారు. పులీ మేకా ఒకే రేవున నీళ్లు తాగడమంటే మరేమిటి?

ఆ ముసుగు కుట్టిన టైలర్ని నేనే. గుర్రం వెనక కాలు మోపిన చోటే నా షాపుండేది. "తెర తీయగానే పక్కనే నీకు పక్కా షాపు, పూచీ నాది" అన్నాడు బావ. పొంగిపోయి డబుల్ కుట్టు వేశాను. మిషను ఇంటికి చేరింది. కొలతలకొచ్చినవాళ్లు ఇప్పుడు మా అత్తగారి మంచం మీద కూర్చుంటున్నారు. ఆవిడ లేచి కూర్చుంటేనే సుమా!

మొన్న గాలికి ముసుగు చిరిగి రాజుగారి ముక్కు బయటపడింది. ఎగిరి గంతేసి బావ దగ్గరికి పరిగెత్తాను.

"బావా, గాలే ఓపెనింగ్ చేసేసింది! ఇక నా షాపు..."

"నోర్ముయ్ రా బామ్మర్దీ! మంత్రిగారికంటే ముందు జనం చూసేస్తే ఇక ఆయనొచ్చి తీసేదేముంది? ఆయన రాకపోతే నీ షాపు ఫైలు కదుల్తుందా? నిచ్చెన తెప్పిస్తా, నాలుగు కుట్లు వేసెయ్."

"నేను కుట్టేకొద్దీ ఆయన ఆలస్యం చేస్తాడేమో బావా?"

"మీ అక్క నయం, ఇన్ని ప్రశ్నలు వెయ్యదు. ఎక్కు!"

ఎక్కాను. నా చేతులతోనే ఆ ముక్కును మళ్లీ ముసుగులో దాచి కుట్టాను. పైనుంచి చూస్తే కింద దిమ్మె మీద చెక్కిన అక్షరాలు కనిపించాయి: 'వీరి ఏలుబడిలో ఎవరి జానెడు నేలా పోలేదు.'

రాతిమీది మాట అబద్ధమవుతుందా? ముమ్మాటికీ నిజం!

నాది జానెడు కాదు. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు.